తెడ్లు ఇవ్వను

ఆగస్టు 6
నది మోకాళ్ల లోతుకు దిగిపోయింది. రాళ్లు బయటపడి ఎండకు తెల్లబడ్డాయి. కొండల వెనక అడవి తగలబడుతోంది, గొంతులో పొగ. పొద్దున్నే ట్రౌట్ చేపలు ఎరకు బాగానే పైకి లేచాయి. సన్నటి దారం, చీమంత ఫ్లై, అంటే ఈకలతో కట్టిన పురుగు లాంటి ఎర. ఎండెక్కాక ఒక్కటీ కదల్లేదు. మధ్యాహ్నం నీళ్లలో థర్మామీటర్ ముంచాను. డెబ్బై రెండు ఫారెన్‌హీట్. ట్రౌట్‌కి అది జ్వరం.

ఆగస్టు 7
మధ్యాహ్నం ట్రిప్. నేను చేపలకు తీసుకెళ్లిన గెస్ట్ పెద్ద ట్రౌట్‌ని పట్టి ఫొటో దిగాడు. దానికి ఊపిరి అందేలా ప్రవాహానికి ఎదురుగా పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. తోక ఆడించింది. వదిలాను. కింది మలుపులో తెల్లటి పొట్ట పైకి తేలింది. గెస్ట్ చూడలేదు. నేను చూశాను.

ఆగస్టు 8
ఇక మధ్యాహ్నం ట్రిప్పులు వద్దు, తెల్లవారుతూనే వెళ్లి ఎండ ముదిరేలోగా వచ్చేద్దాం అని రాయిస్‌కి చెప్పాను. రాయిస్ నా తమ్ముడు. గెస్టులను చేపలకు తీసుకెళ్లే ఈ వ్యాపారం వాడిది. నేను వాడి దగ్గర గైడ్‌ని. ప్రభుత్వమే నదిలో చేపలు పట్టడం ఆపలేదు, మధ్యలో నీకేంటి అన్నాడు. అట్లాంటా నుంచి మోంటానా దాకా వచ్చినవాళ్లకు ఏం చెప్పమంటావన్నాడు. నువ్వు వెళ్లకపోతే బర్ల్ వెళ్తాడు అన్నాడు. బర్ల్ మాలో అందరికన్నా పాత గైడ్. పంపుకో అనేసి వచ్చాను.

నిద్ర పట్టడం లేదు.

ఆగస్టు 9, ఉదయం
రాయిస్ షెడ్‌లో ఉన్న పడవల తెడ్లన్నీ నా పికప్‌లో వేసుకొచ్చేశాను.

సాయంత్రం
రాయిస్ వచ్చాడు. లోపలికి రాలేదు, గేటు దగ్గరే నిలబడ్డాడు.

"అక్కా, తెడ్లివ్వు. గెస్టుల ముందు నా పరువు తీశావు."

"నీ పరువు నాలుగు రోజుల్లో కోలుకుంటుంది లేరా. చచ్చిన చేప కోలుకోదు."

"పనిలోంచి తీసేస్తాను."

"తీసెయ్. తెడ్లు మాత్రం ఇవ్వను."

బర్ల్ దగ్గర సొంత తెడ్లున్నాయని, రేపు మధ్యాహ్నం వాటితోనే దిగుతాడని చెప్పి వెళ్లిపోయాడు. గేటు గట్టిగా వేశాను. కోపం. సరే, భయం కూడా. నాకు వేరే పని రాదు.

ఆగస్టు 10
ఆఫీసు బోర్డు మీద నా పేరు, లోరీన్, రాయిస్ తుడిచేశాడు. బాగా తుడవలేదు, ఇంకా కనిపిస్తోంది.

చల్లటి వాగు వచ్చి కలిసేచోట ట్రౌట్లన్నీ ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడి ఉన్నాయి. నా గాలపు కర్ర బండిలోంచి తీయలేదు. పడవలు దింపేచోట అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చున్నాను. బర్ల్ వస్తే ఏం చేయాలో తెలియదు. దారికడ్డంగా పడుకుందామనుకున్నాను. కావాలంటే నా మీంచే పడవ లాక్కెళ్లమందామనుకున్నాను. నీడలు సాగాయి. ఎవరూ రాలేదు.

ఆగస్టు 11
పొద్దున తలుపు తీశాను. పికప్‌లో తెడ్ల కుప్ప పెరిగింది. మిగతా గైడ్లు రాత్రి తెచ్చి వేసిన సొంత తెడ్లు. అన్నిటికన్నా పైన ఉన్న జత బర్ల్‌ది.