పొట్లంలో మన్ను

మునగపాక,
గురువారం.

సుప్రియమ్మ గారికి, మీరు మా ఊరు వచ్చినప్పుడు చెరకు తోట చూపించిన ముసలాయన రాస్తున్నది.

రైతులందరినీ తలో దోసెడు సొంత పొలం మన్ను తెమ్మన్నారు. ఆ మన్నుతోనే ఊరి బొమ్మ వేసి, ఎవరి మన్ను పక్కన వాళ్ళ పేరు రాసి, ఆదివారం అనకాపల్లిలో అందరికీ చూపిస్తామన్నారు. నేను ఇచ్చిన మన్ను నాది కాదమ్మా. పక్క పొలం మా బావ త్రినాధరావుది. నా పొలం చౌడు. ఎండితే పైకి తెల్లగా ఉప్పు తేలుతుంది. పదిమంది చూసే బొమ్మలో అదేం బాగుంటుందని, గట్టు దాటి బావ నల్లమన్ను తెచ్చి ఇచ్చాను.

నిన్న టీ కొట్టు దగ్గర బావ, "ఏటి బావా, బొమ్మలోకెక్కేవంట! ఆదివారం అనకాపల్లి నేనూ వత్తాను, మన మన్ను సూసుకుందాం" అన్నాడు. అప్పటినుంచి నాకు అన్నం సయించడం లేదు. బావ తన మన్ను ఎక్కడున్నా పోల్చుకుంటాడు.

పాలు పోసే నూకరాజు చేత ఈ ఉత్తరం, ఒక పొట్లం పంపుతున్నాను. ఆదివారం లోపల ఆ మన్ను తీసేసి ఇది పెట్టండి. కుదరకపోతే నా పేరు కొట్టేయండి.

పొద్దున దీనికోసం వెళ్తే, బోరు పక్కన కాస్త రంగున్న చోటికే ముందు చెయ్యి పోయింది. మళ్ళీ లేచి పొలం నడిమికి వెళ్ళి, ఉప్పు తేలిన చోటే తీశాను. తెల్లగా ఉందని సున్నం అనుకునేరు. అది మన్నే.