అమెరికా ఓట్లు, అత్తయ్యగారి తాళం

నర్సీపట్నం, 1926

ఏమండీ,

మీ సంవత్సరీకం అయ్యాక పేపరు మళ్ళీ తెప్పిస్తున్నాను. మిమ్మల్ని ఆసుపత్రికి ఆలస్యంగా తీసుకెళ్ళామన్న మాట దగ్గర అత్తయ్యగారికీ నాకూ చెడింది. అప్పటినుంచీ మాటల్లేవు. పొయ్యి నాది, సామాన్ల గది తాళం ఆవిడది.

ఈవేళ వసారాలో కూర్చుని, మీలాగే పైకి చదివాను. అమెరికా ఎన్నికల్లో ప్రెసిడెంటు పార్టీకి సెనేట్‌లో బలం తగ్గిందట. ఇకమీదట ఎదుటి పార్టీ ఒప్పుకోకపోతే ఆయన పనులు సాగవట.

తలుపు వెనకనుంచి అత్తయ్యగారు, "ఆళ్ళూ ఆళ్ళూ పంతం పడితే మద్దిన జనం ఏటైపోతారే?" అన్నారు.

"పస్తేనండీ" అన్నాను.

ఆవిడ కొంగు ముడి విప్పి తాళం నా ముందు పెట్టారు.

"రేపూ సదువు. కానీ, ఆడు సదివినట్టు లేదే" అన్నారు.

లేదు కదండీ మరి.