ల్యాప్‌టాప్ కన్నుకు బొట్టుబిళ్ల

ధనుంజయా,

ముందు వైఫై ఆపు. నిన్న నగల ఫోటోలకని నువ్వు ఉచితంగా ఎక్కించిన ప్రోగ్రాంతో పాటు ఇంకేందో లోపలికొచ్చింది. పొద్దున నా కూతురు శ్వేత జడేసుకుంటాంటే ల్యాప్‌టాప్ కెమెరా దీపం దానంతటదే వెలిగింది. బిడ్డ జడ సగంలోనే వదిలేసి నా దగ్గరికి ఉరికొచ్చింది. దాన్ని పిల్చుకొని జమ్మలమడుగుకు, మా అత్త దగ్గరికి పోతాండా.

నువ్వు ఎక్కించనివన్నీ కంప్యూటర్లు బాగుచేసే రామాంజులు మామతో తీయించు. ఇంకోసారి తయారుచేసినోళ్ల సొంత సైట్లోనే తీసుకో, ఎక్కించేటప్పుడు గడుల్లో ముందే పెట్టిండే టిక్కులన్నీ తీసెయ్. పాత నగ కొనేటప్పుడు లోపల లక్క ఎంతుందో గీకి చూస్తావే, దీనికి మాత్రం చదవకుండా అన్నిటికీ సరే అని నొక్కితివా!

నీ ఫోటోలు పోతాయని ల్యాప్‌టాప్ ఆపలేదు. కెమెరాకు నా బొట్టుబిళ్ల అంటించినా.

సుధక్క

ఆ కన్ను మూసినా, దానికి చెవులు కూడా ఉంటాయంట. నీకు ఏదైనా పైకి చదివే అలవాటు. ఈ చీటీ మాత్రం మనసులోనే చదువుకోప్పా.