తప్పుల వంశవృక్షం

అత్తయ్యకి,

మీరు కులాసాగానే ఉన్నారని పిన్ని చెప్పింది కాబట్టి ఆ ప్రశ్న వదిలేస్తున్నాను.

నాన్నా నేనూ కుట్టే టైలరింగ్ షాపులో, కొలతలు గీసుకునే ఖాకీ కాగితం మీద మన వంశవృక్షం గీసి గోడకి అంటించాను. వివరాలు అడిగితే మనవాళ్లలో ఒక్కరూ నోరు విప్పలేదు. "ఇప్పుడవన్నీ ఎందుకురా," అన్నారంతే. ఈలోగా పొరపాటున బాబాయిని పిన్నికి తమ్ముడిగా గీశాను. నేను పంపిన దాని ఫొటో చూసిన పిన్ని ఫోన్ చేసి నన్ను కడిగిపారేసింది. ఆ తిట్ల మధ్యలోనే మూడు తరాల సంగతులు చెప్పేసింది. బాబాయి అయితే ఇప్పటికీ నన్ను "అల్లుడూ" అనే పిలుస్తున్నాడు.

అప్పుడర్థమైంది. మనవాళ్లు అడిగితే చెప్పరు గానీ, తప్పు రాస్తే ఊరుకోలేరు. అప్పటినుంచి కావాలనే తప్పులు రాస్తున్నాను. కాగితం చకచకా నిండుతోంది.

నిన్న మిమ్మల్ని నాన్నకి చెల్లెలిగా రాశాను. ఇన్నేళ్లుగా ఇంట్లో మీ ఊసే ఎత్తనివ్వని మనిషి కళ్లజోడు సర్దుకుని, "అది మా అక్కరా. నన్ను చంకనేసుకుని తిరిగింది," అన్నారు. తర్వాత చాలాసేపు మిషను తొక్కుతూ కూర్చున్నారు. అందులో దారం లేదు.

మీ ఇద్దరిలో ముందు మాటలు మానేసింది ఎవరని అడిగితే మాత్రం పలకలేదు. అందుకని మీరేనని మీ పేరు కింద పెన్సిల్‌తో రాసిపెట్టాను. తప్పయితే షాపుకి వచ్చి చెరిపేయండి.

రబ్బరు నాన్న జేబులో ఉంది. నేనడిగితే ఇవ్వడం లేదు.

మీ మేనల్లుడు