చిన్నది

ప్రియమైన నాన్నగారికి,

హేచరీకి సెలవు పెట్టాను. పది రోజులుగా అద్దాల పెట్టె ముందే కూర్చుంటున్నాను. చిన్నది తొందరపడి ముందే వచ్చేసింది. బరువు పెరగడం లేదు. ముట్టుకోబోతే చేయి వణుకుతోది. పెట్టె మీద ‘ఇంక్యుబేటర్’ అని రాసుంది. తొమ్మిదేళ్లుగా గుడ్లు పొదిగిస్తూ రోజూ అనే మాటే, అసలు అర్థం తెలీదు. మీరే చెప్పాలి.

మీ అమ్మడు

ప్రియమైన అమ్మడికి,

ఫోనులో గాక ఉత్తరంలో అడిగినందుకు సంతోషం. అది లాటిను నుండి వచ్చిన మాట. ‘ఇన్’ అనగా మీద, ‘కుబారే’ అనగా పడుకొనుట. తల్లి గుడ్లమీద ఒదిగి పడుకొనుటయే పొదుగుట. పెట్టె కేవలం తల్లికి బదులుగా వచ్చిన ఉపాధ్యాయురాలు! రోగం బయటపడక ఒంట్లో దాగే కాలానికీ ఆంగ్లంలో ఆ మాటే వాడుదురు.

నీ ఉత్తరం దిద్ది పంపుచున్నాను. ‘వణుకుతోంది’లో సున్న ఎగరగొట్టితివి. ‘చిన్నది’ అని ఊరకున్నావు, చిన్నది ఏది? నేనే ‘కోడిపిల్ల’ అని ఎర్రసిరాతో చేర్చితిని. సెలవుపెట్టి మరీ ఒక్కదానికోసం బెంగేమిటి? నిలవనిదానిని తీసి పక్కన పెట్టుము.

వ్యాకరణసహితమైన ఆశీస్సులతో,
నాన్న

నాన్నా,

చిన్నది వెళ్లిపోయింది. కోడిపిల్ల కాదు నాన్నా, మీ మనవరాలు.

ఇదివరకు రెండుసార్లు నెల తప్పానని చెప్పగానే మీరు నిఘంటువు ముందేసుకుని పేర్లు రాశారు. రెండూ నిలవలేదు, రెండుసార్లూ ఆ కాగితం మీ చేత్తోనే చింపారు. ఈసారి ఇంటికి తెచ్చుకున్నాకే చెబుదామనుకున్నాను. ఉండబట్టలేక ఆ మాటకి అర్థం అడిగాను.

ఇరవయ్యొక్క రోజులుంది. సరిగ్గా గుడ్డు పిల్లయ్యేన్ని రోజులు. చివరి అరగంట నర్సు గొట్టాలన్నీ తీసి, “తీసుకోమ్మా, ఇక నీ దగ్గరే ఉండనీ” అని నా గుండెమీద పడుకోబెట్టింది. మీద పడుకొనుట. మీరు చెప్పిన అర్థం అప్పుడు తెలిసింది.

పేరు పెట్టాం. మీరు దిద్దుతారేమోనని రాయలేదు.

అమ్మడు

అమ్మా,

‘వచ్చింది’, ‘పోయింది’ — మన భాషలో ఆడపిల్లకూ కోడిపిల్లకూ క్రియ ఒక్కటే. ముప్పయ్యారేళ్లు బల్ల గుద్ది చెప్పిన పాఠం. అక్కడే తప్పితిని. సున్న పోయినదని చూచితినే గాని, చేయి ఎందుకు వణికినదో చూడలేదు. పక్కన పెట్టుమని వ్రాసిన చేయి ఇది. దీనిని ఏమి చేయవలెనో తెలియుటలేదు.

రేపు ఉదయపు బస్సుకు వస్తున్నాను. గుమ్మంలో నీవు ఏమన్నా పడతాను. తలుపు మాత్రం వేయకు.

నేను దిద్దిన ఆ కాగితం చింపకుండా ఉంటే, ‘కోడిపిల్ల’ను కొట్టివేసి, పైన దాని పేరు రాసి ఉంచు. ఎలా రాసినా అదే ఒప్పు.

నీ నాన్న