దాలయ్య మావ వాటా

శ్రీకాకుళం,
మంగళవారం.

నా బంగారు నాన్నకి,

అలవాటు కొద్దీ బంగారం అని రాశాను గానీ, ఈ రోజు నువ్వు బంగారమూ కాదు, ఇత్తడీ కాదు. ఫోన్ చేస్తే 'సర్లేయే' అని పెట్టేశావు. మళ్లీ చేస్తే అమ్మ ఎత్తి 'మీ నాన్న వల కాడున్నాడు' అంది. వెనకాల నీ దగ్గు వినబడుతూనే ఉంది. అందుకే ఉత్తరం రాస్తున్నాను. ఎండుచేపల జగ్గమ్మత్త సాయంత్రం బస్సుకి ఊరికొస్తోంది, ఆవిడ చేతికిస్తాను. దీన్ని మధ్యలో కట్ చెయ్యలేవు కదా.

నిన్న పొద్దున్న మా ఆసుపత్రి ఓపీలో దాలయ్య మావ కనిపించాడు. కుడిచెయ్యి మోచేతి పైన బూరెలా వాచిపోయి, చీము పట్టి, ఒళ్లు కాలిపోతోంది. 'ఏటి మావా, గాలం గుచ్చుకుందా?' అనడిగాను. ఆయనకి అబద్ధం రాదు. 'నేదమ్మీ, మీ నాన్న ఇచ్చిన వాటా మందు. సూది పొడిసిన కాడ వాసింది' అన్నాడు. వాటా మందు! మా స్టడీలో నీకిచ్చే మందు సీసాలో సగం నువ్వు పొడుచుకుని, మిగిలిన సగం అదే సూదితో ఆయనకి పొడుస్తున్నావట. మూణ్నెల్లుగా! మధ్యలో అమ్మ ఆ ప్లాస్టిక్ సిరంజిని టీగిన్నెలో వేణ్ణీళ్లలో ముంచి తీసేదట. మీ ముగ్గురికీ కలిపి ఒక్క చెంచాడు బుద్ధి లేకపోయిందా? నిన్న ఆయన చెయ్యి కోసి చీము తీస్తుంటే నేనే పక్కన నిలబడి ట్రే పట్టుకున్నాను. శనివారం నువ్వు తెచ్చే ఖాళీ సీసాలు చేపల వాసన కొట్టినప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

నీకెన్నిసార్లు చెప్పాను నాన్నా! ఒంట్లో ప్రతి కణంలోనూ మైటోకాండ్రియా అని చిన్న చిన్న పొయ్యిలుంటాయి, మనకి సత్తువ అక్కడే పుడుతుంది, వయసు మీదపడితే ఆ పొయ్యి లోపలి పొర పాడైపోయి మంట తగ్గి పొగ ఎక్కువవుతుంది అన్నాను. ఈ పెప్టైడ్ మందు ఇంకెక్కడికీ పోకుండా తిన్నగా ఆ పొర దగ్గరికే పోయి అతుక్కుంటుంది అన్నాను. 'పడవ అడుక్కి తారు పూసినట్టా?' అన్నావు. అవునన్నాను. ఎలకల్లో పనిచేసింది, మనుషుల్లో చేస్తుందో లేదో ఎవరికీ తెలీదు, తేల్చడానికే ఈ స్టడీ అన్నాను. సగం మందికి మందు, సగం మందికి మందు లేని సీసా, ఎవరికేది వచ్చిందో నాకూ తెలీదు, డాక్టరమ్మకీ తెలీదు అన్నాను. ఆరు నెలలయ్యాక ఎంత దూరం నడిచారు, పిడికిలి ఎంత గట్టిగా బిగించారు అని కొలుస్తారు. సీసా మొత్తం వాడితేనే ఆ కొలతకి విలువ. నువ్వేమో ప్రతి శనివారం నా ఎదురుగా కూచుని 'మొత్తం నేనే వాడినాను' అని సంతకం పెట్టావు. పైగా మావకి బీపీ ఎక్కువని, మనుషుల్ని చేర్చుకున్న క్యాంపులోనే వెనక్కి పంపేశాం కదా. బీపీ మనిషికి ఏమైనా అయ్యుంటే?

నీకు చెప్పనిది ఒకటుంది. నువ్వు నా నాన్నవని ఆ కాగితాల్లో నేను రాయలేదు. స్టడీలో పనిచేసేవాళ్లు ఇంటివాళ్లని చేర్చకూడదు. అయినా చేర్చాను. ఎందుకంటే, పోయిన కార్తీకంలో ఊరొచ్చినప్పుడు ఒడ్డున పెద్దవల లాగుతున్నారు. రెండు తాళ్లకీ చెరో పదిమంది. ఎప్పుడూ ముందుండి లాగే నువ్వు ఎక్కడా లేవు. వెనకాల ఇసకలో కూలబడి, వాళ్లు లాగిన తాడుని చుట్టలు చుడుతున్నావు. నన్ను చూసి ఒక నవ్వు నవ్వావు. ఆ నవ్వు చూసే నీ పేరు రాసుకున్నాను. నీకోసం ఉద్యోగాన్ని పణంగా పెట్టాను నాన్నా, నువ్వు దాన్ని చేపల్లా పంచిపెట్టావు.

శుక్రవారం స్టడీ నడిపే డాక్టర్ సుహాసిని గారు మీ ఇద్దరినీ పిలిచారు. నువ్వు చెప్పాల్సింది ఒక్కటే. మందంతా నువ్వే వాడావు, మావకి ఒక్కసారి పొరపాటున పాత సూది గుచ్చుకుంది. అంతే. మావ నువ్వేం చెబితే అదే అంటాడు. అంతకంటే ఒక్క ముక్క ఎక్కువ మాట్లాడావో, తీగ లాగితే డొంకంతా కదిలి నా ఉద్యోగం పోతుంది. ఈ ఒక్కసారి నా మాట విను.

నీ కూతురు,
కుసుమకుమారి

*

కళింగపట్నం,
బుధవారం.

నా తల్లి కుసుమకి,

నీ కోపమంతా సదివినాను. రెండుసార్లు సదివినాను. ఇప్పుడు నా కోపం సదువు.

సూది తప్పు నాదే. అయిదో తరగతి బుర్ర, అంతవరకే పోనాది. దాలయ్య సెయ్యి సూసినకాడినుండి నాకు ముద్ద దిగట్లేదు. దానికి నువ్వేటన్నా పడతాను.

వాటా మాత్రం తప్పు కాదు. పెద్దవల సేపల సంచి ఒడ్డెక్కేలోపు తాడు ముట్టినోడికి వాటా ఉంటాది. ముసిలోడైనా సరే, కుంటోడైనా సరే. ఆడి వాటా ఎగ్గొట్టినోడ్ని మళ్లీ తాడు కాడికి రానివ్వరు. ఇది నీకు పాలు తాగినప్పటినుండి తెలుసు. మనూరి ఇస్కూల్లో నువ్వు క్యాంపు ఎట్టిననాడు ఒక్క సీటే మిగిలుందన్నావు. లైనులో దాలయ్య నాకంటే ముందున్నాడు. పిడికిలి బిగించినాడు, నడిసినాడు, అన్నీ బాగున్నాయన్నావు. ఆకర్న బీపీ సూసి 'నూట డెబ్బయ్యుంది మావా, నీకు కుదరదు' అని ఆడ్ని లేపీసి నన్ను కూకోబెట్టినావు.

ఆ రోజునుండి ఆడు ఉప్పు మానీసినాడు. ఎరుకేనా నీకు? కడుపునిండా ఉప్పుచేప తిని బతికినోడు నెల్లాళ్లు సప్పిడి గంజి తాగినాడు. 'బావా, నాకేటన్నా అయితే నా తెప్ప నువ్వు తీస్కో' అన్నాడు. నేను ఆడి ముందర కూకొని ఉప్పేసిన ఎండునెత్తళ్ల సేపలు తిన్నాను. నెల తిరిగినాక సర్కారు ఆసుపత్రికి ఎల్లినాం. మూడు మాట్లు సూసినారు. మూడు మాట్లూ నూట ముప్పయ్యే. 'నీకు బీపీ ఉన్నాదని ఎవులు సెప్పినారు తాతా' అని నవ్వినారు. దాలయ్య ఏటన్నాడో తెలుసా? 'మిషను తప్పు సూపించుంటాది, పాపం మన కుసుమ ఏటి సేస్తాది' అన్నాడు. నాకు అక్కడే అర్దమైపోనాది. తప్పు సూపించింది మిషను కాదు, నా కూతురు.

ఆ సీటు ఆడిది. నువ్వు లాగీసి నాకెట్టినావు. నేనేటి సెయ్యాల? 'నా కూతురు దొంగ' అని ఆడికి సెప్పాలా? నోరు రానేదు. 'తాడు ముట్టినావు కదరా, సగం నీది' అని మాత్రం అన్నాను. ఆడు ఎందుకని అడగనేదు. నన్ను నమ్మి సెయ్యి సాపినాడు.

నేను తాడు సుడతంటే నీకు సిన్నతనమైందా? ఒసే, సుట్టేవోడు నేకపోతే తాడు సిక్కులడిపోయి మర్నాడు వల దిగదు. నా నవ్వులో ఏటీ నేదు, కూతురొచ్చిందని నవ్వినాను. నామోసీ నాది కాదు, నీది.

ఇప్పుడు డాక్టరమ్మ ముందర అబద్దమాడమంటన్నావు. వంశదార సంద్రంలో కలిసే మొగ దాటేటప్పుడు ముందు పడవోడు గెడేసి లోతు సూసి ఎనకోలకి కేకేస్తాడు. నేని లోతు ఉన్నాదని కేకేస్తే ఎనకొచ్చే పడవ ఇసక దిబ్బెక్కి తిరగబడతాది. రేపు ఎవులో ముసిలోడు నీ కాగితంలో ముక్క నమ్మి ఈ మందు పొడుసుకుంటాడు. ఆడికి నేను తప్పు కేకెయ్యను. శుక్రవారం వస్తాను, నేను సేసింది నేను సెప్తాను. బీపీ సంగతి నా నోటంట రాదు. అది నీ నోటంటే రావాల, దాలయ్య ముందరే రావాల.

ఇంకా రాద్దును గానీ మీ యమ్మ బుల్లమ్మ పక్కన కూకొని 'సాల్లే, పిల్లని ఇంకేటీ అనొద్దు' అని ఏడుస్తన్నాది. అందుకని ఆపీసినాను.

మీ నాన్న,
అప్పలసూరి

*

శ్రీకాకుళం,
శనివారం.

నాన్నకి,

నిన్న డాక్టరమ్మ గదిలో బీపీ సంగతి నేను చెబుతున్నంతసేపూ నువ్వు నా మొహం చూడలేదు, కిటికీలోంచి బయటికే చూశావు. మావేమో కట్టు కట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని మొత్తం విన్నాడు. విని, 'అయితే నాకు బీపీ నేదన్నమాట' అన్నాడు. అంతే. లేచి వెళ్లిపోయాడు. నాలుగు తిట్టి ఉంటే ఈపాటికి కాస్త నిద్రయినా పట్టేది.

మీరు బస్సెక్కాక జరిగింది రాస్తున్నాను. నన్ను పనిలోంచి తీసేశారు. మన ఊరి కొలతలన్నీ కొట్టేశారు, ఇలాంటి తప్పులు విచారించే ఎథిక్స్ కమిటీకి కూడా రాశారు. డాక్టరమ్మ అరవలేదు. 'మూడేళ్లు నిన్ను చూసి గర్వపడ్డాను కుసుమా' అన్నారు. శిక్షగా ఆ మాట చాలు నాకు.

మావ ఒంట్లోకి ఏం వెళ్లిందో తెలియాలి కాబట్టి, నీకు ఏ రకం సీసాలు వచ్చాయో ఈ రోజు తెరిచి చూశారు. నీకు మందు రాలేదు నాన్నా. మొదటినుంచీ నీవి మందు లేని సీసాలే. వాటిలో ఉన్నవి ఉత్త ఉప్పునీళ్లు. పొయ్యీ లేదు, పొరా లేదు, తారూ లేదు. మావ నోటి దగ్గర ఉప్పు లాగేసి, నీ ఒంట్లో ఉప్పునీళ్లు పొడిపించాను. ఇంత చదువు చదివి నేను చేసిన ఘనకార్యం ఇది. వినగానే పెద్దగా నవ్వొచ్చింది, ఆ తరవాత బాత్రూంలోకి పోయి కుళాయి తిప్పుకుని ఏడ్చాను.

సూది పంచుకున్నందుకు నీ మీద కోపం అలాగే ఉంది, ఇంటికొచ్చాక మళ్లీ తిడతాను. మీ ఇద్దరికీ రక్తపరీక్షలు చేయించాకే నీతో మామూలుగా మాట్లాడతాను. మిగతా కోపమంతా నా మీదే. అది మోసుకుని రేపు మొదటి బస్సుకి వస్తున్నాను. మనింటికి కాదు, ముందు మావ గుమ్మంలోకి వెళ్తాను. కూచోమంటే కూచుంటాను, పొమ్మంటే అక్కడే నిలబడతాను.

అమ్మ చేత ఎండునెత్తళ్ల పులుసు పెట్టించు. గిన్నె నేనే పట్టుకెళ్తాను. ఉప్పు తగ్గించొద్దని చెప్పు.

నీ కూతురు,
కుసుమ