ఉడికిందా

12 నవంబర్ 2003, బుధవారం

పన్నెండు కుందేళ్ళ మోకాళ్ళలో మా పట్టు స్పాంజి పెట్టి ఇవాళ్టికి నాలుగు వారాలు. కీలు చివర మృదులాస్థిలో చిన్న గుంట చేసి, అందులో దీన్ని కూర్చాం. చిల్లుల్లోకి కణాలు చేరి కొత్త మృదులాస్థి కట్టాలి. కడితే నాకు థీసిస్. లేకపోతే ఐదేళ్ళు గంగపాలు. మార్చిలో ఫెలోషిప్ అయిపోతుంది. మళ్ళీ కుందేళ్ళు అడగొద్దని గైడ్ ముందే చెప్పేశారు.

తన మోకాలికి ఎప్పుడు పెడతారని ఈరమ్మక్క ఇవాళ కూడా అడిగింది. శిడ్లఘట్టలో ఇరవై ఏళ్ళు వేడినీళ్ళ తొట్టి ముందు నిలబడి, దొడ్డబళ్ళాపురం మగ్గాలకు పట్టు తీసిన మనిషి. మోకాళ్ళు అక్కడే పోయాయి. ఇప్పుడు మా ల్యాబ్‌లో పట్టుగూళ్ళు ఉడికిస్తుంది. స్పాంజిని రస్కు అంటుంది. మాది హిందూపురమని తెలిసినప్పటి నుంచి నాతో తెలుగే. ముందు కుందేళ్ళు, తరవాతే నువ్వు అన్నాను. నవ్వింది.

3 డిసెంబర్

ఏడో నంబరు కుంటుతోంది.

5 డిసెంబర్, మధ్యాహ్నం

ఏడు, తొమ్మిది, పదకొండు. మోకాళ్ళు వాచాయి. ముట్టుకుంటే వేడి. సూక్ష్మజీవులున్నాయేమో చూడటానికి కీలు నీరు కల్చర్‌కి పంపాను. ఇన్ఫెక్షన్ అయితే బాగుండునని, తప్పు పట్టుది కాకూడదని కోరుకుంటున్నాను. ఇంత దరిద్రపు కోరిక ఎప్పుడూ కోరుకోలేదు.

9 డిసెంబర్

కల్చర్ నెగటివ్. ఇన్ఫెక్షన్ కాదు.

7 జనవరి 2004

పన్నెండు వారాలు అయిపోయాయి. పన్నెండింటినీ చంపాం. చంపాం అని రాయకూడదట, సాక్రిఫైస్ చేశాం అనాలట. నా డైరీ నా ఇష్టం.

16 జనవరి

మైక్రోస్కోప్‌లో మోకాళ్ళ స్లైడ్లు చూశాం. మృదులాస్థి ఎక్కడా లేదు. చిల్లుల నిండా వాపు కణాలే. పట్టు పనికిరాదని రిపోర్టు రాసి మూసేద్దాం అన్నారు గైడ్. గొంతు కూడా పెంచలేదు. తిట్టినా బాగుండేది.

మెస్‌లో కంచం ముందు కూర్చుని లేచి వచ్చేశాను.

19 జనవరి

పట్టులో ఒంటికి పడనిది పైనుండే బంక. అందుకే సోడా నీళ్ళలో గంటసేపు ఉడికించి దాన్నంతా వదిలించాలి. వదిలిందో లేదో తెలియాలంటే ముందోసారి, ఆరాక ఓసారి తూచాలి. పావు వంతు బరువు తగ్గాలి. మొదటి రెండు సార్లు నేనే ఉడికించి నేనే తూచాను. ఆ తరవాత తూచలేదు. గుమ్మంలో నిలబడి ఉడికిందా అక్కా అని అడిగేదాన్ని. ఉడికిందమ్మా అనేది. నోట్‌బుక్‌లో టిక్ పెట్టి సంతకం చేసేదాన్ని. ఎనిమిది నెలల టిక్కులు.

బంక పోయిన పట్టు కరిగిస్తే తేటగా ఉండాలి. మాది కాస్త మసకగా ఉండేది. వడగట్టి వాడేశాను.

20 జనవరి, ఉదయం 11

ఈరమ్మక్క ఉడికిస్తుంటే పక్కనే నిలబడ్డాను. పదో నిమిషంలో పుల్లతో ఎత్తి చూసి స్టవ్ ఆపేసింది. ఉడికిందా అన్నాను. ఉడికిందంది. గంట కాలేదు కదా అన్నాను. వంట రాని పిల్లను చూసినట్టు చూసింది.

"పోగు విడిస్తే ఉడికినట్టే గదమ్మా. బంకంతా పోతే పట్టుకు బలమేడుంటాది? నీ రస్కు గట్టిగా ఉండాలని నేనే బంక నిలిపినా."

మగ్గానికి పోయే పట్టుకు అదే సరైన ఉడుకు. ఆమె పనితనంలో తప్పు లేదు. గంట అని గోడకు కాగితం అంటించింది నేను, ఇంగ్లీషులో. ఆమెకు ఏ భాషా చదవడం రాదు. ఒక్కసారి తూచి ఉంటే తెలిసిపోయేది.

తప్పు నాది. రేపు గైడ్‌తో ఈ మాటే చెప్పాలి.

21 జనవరి

చెప్పాను. బంక మిగిలిపోయిందన్నాను. ఎవరు ఉడికించారని అడిగారు. ఈరమ్మ అన్నాను. దాని వెనక ఇంకో వాక్యం ఉంది, సంతకాలు నావి అని. నోరు పెగల్లేదు. అబద్ధం. నేనే పెగల్చలేదు.

పనిమనిషి నిర్లక్ష్యమని రాయి, ఆరు నెలలు పొడిగించమని అడుగుదాం, కుందేళ్ళు కూడా ఇస్తారు అన్నారు. నాకు సంతోషం వేసింది. నిజంగా సంతోషం. నా మీద నాకే అసహ్యంగా ఉంది.

23 జనవరి

ఈరమ్మక్కను రేపటి నుంచి రావద్దన్నారు. డబ్బా సర్దుకుని నా దగ్గరికి వచ్చింది. ఎందుకు వద్దన్నారని కాదు, కుందేళ్ళకు ఎట్లుండాదని అడిగింది. అవి చచ్చిన సంగతి ఆమెకెవరూ చెప్పలేదు. బాగున్నాయన్నాను.

"అట్లయితే నా వంతు వచ్చినప్పుడు కబురు పంపమ్మా."

ఒక్కో మెట్టు మీద రెండు కాళ్ళూ పెట్టి, రెయిలింగ్ పట్టుకుని దిగింది. మూడంతస్తులు. పైనుంచి చూస్తూ నిలబడ్డాను.

2 ఫిబ్రవరి

గంటసేపు నేనే ఉడికించాను. ఆరాక తూచాను. సరిగ్గా పావు వంతు తగ్గింది. టిక్ పెట్టబోతూ, ఉడికిందా అక్కా అని పైకే అడిగాను.